సెకన్ల ముల్లు

కాలేజీ వాళ్లిచ్చిన కాయితంలో
పదమూడో వరస:
సెకన్ల ముల్లున్న చేతి గడియారం, ఒకటి.

నెల్లూరు ట్రంకు రోడ్డులో మూడు అంగళ్లు తిరిగాం
నేనూ మేనత్తా.
ఆడపిల్లల వాచీలకి రాళ్లున్నాయి,
సీతాకోకచిలకలున్నాయి,
సెకన్ల ముల్లు లేదు.
"ఆడోళ్లకి సెకన్లతో ఏం పనమ్మా" అన్నాడు అంగడాయన
నవ్వుతానే.
మగోళ్ల పెట్టె తెరిపించి
నాలుగొందల యాభైకి బేరం తెంచింది అత్త.
పట్టీ పొడుగు.
ఇంటికొచ్చి దబ్బనం కాల్చి
ఇంకో రెండు బెజ్జాలు పెట్టుకున్నా.

ముల్లంటే నాకు తెలుసు.
రెండు వేసవులు రొయ్యల కంపెనీలో తలలు తీశాను.
తెల్లారి నాలుక్కి పాలెం మలుపులో బస్సు.
తలకి జాలీ టోపీ, మూతికి గుడ్డ,
మోచేతుల దాకా క్లోరిన్ నీళ్లు,
గోళ్లు చూసే సూపర్‌వైజరు.
మంచుగడ్డల్లోంచి తీసిన చేతిని చూసుకుంటే
వేళ్లు ఎవరివో అనిపించేవి.
గ్లవుజు చీల్చుకుని రొయ్య ముల్లు దిగిందంటే
ముందు ట్రే తీసి అవతల పెట్టేవాళ్లు.
నా సంగతి తర్వాత, తీరిగ్గా.
పక్క బల్ల సంపూర్ణక్క మాత్రం
నా వేలు గట్టిగా పట్టుకుని
యాభై దాకా లెక్కపెట్టేది.
ఎందుకక్కా అంటే
నాకూ తెలవదు మే, ఆగుద్ది, అనేది.
ఆగేది.

యూనివర్సిటీ కౌన్సెలింగు రెండో విడతలో సీటొచ్చింది.
ఫీజు గవర్నమెంటు ఇస్తదంట,
ఇచ్చేదాకా మేం కట్టాలంట.
సోమవారం చేరాల.

ఇంటర్ మెమో, టీసీ, కుల పత్రం,
హెపటైటిస్ సూది వేయించుకున్న చీటీ,
ఫోటోలు ఎనిమిది, ఒకటీ నాలాగా లేదు.
తెల్లబట్టలు రెండు జతలు కుడుతున్న మస్తానన్న
అడక్కుండానే జేబు లోతు అంగుళం పెంచాడు.
వాళ్లావిడ నలభై రోజులు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు
చూశాడంట,
వంగినప్పుడల్లా నర్సమ్మ కత్తెర జారి పడేదంట.

"దొడ్డికి పోయించాల, ఎత్తాల, అదేం చదువో"
అంది ఎదురింటి రమాదేవమ్మ.
మా అమ్మ చేపలు కడిగిన నీళ్లు
గుమ్మం ముందే కుమ్మరించి
"నువ్వు మంచాన పడ్డప్పుడు పిలువు,
పంపిస్తాలే" అంది.

నా భయం అది కాదు.
తెలుగులో ధమని అని చదివాను.
ధమని అంటే లోపల ఏదో ధ్వని ఉన్నట్టుండేది.
ఇప్పుడు ఆర్టరీ అనాలి.
క్యాలెండరు కాయితం వెనక రాసుకుని
రేడియల్, బ్రేకియల్, కరోటిడ్,
తీరాన బోర్లించిన బోటుకి ఆనుకుని
అలలకి ఒప్పజెప్తా.
సముద్రం తప్పులు దిద్దదు,
అదొక్కటే దాంతో చిక్కు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
అవ్వ పక్కన కూర్చుని చెయ్యి తీసుకున్నా.
మణికట్టు మీద పచ్చబొట్టు తేలు,
ముడతల్లో దాని కొండి ఎక్కడికో పోయింది.
మూడు వేళ్లు ఆనించా.
బొటనవేలు పెట్టకూడదంట,
దాన్లో మన నాడే మనకి తగులుద్ది.
సెల్‌ఫోను వెలుగులో
ముల్లు తిరగతా ఉంది.
పదిహేడు, పద్దెనిమిది
"వలలు లాగిన చెయ్యి మే ఇది,
మీ తాత కూడా ఇంతసేపు పట్టుకోలా" అంది అవ్వ.
లెక్క తప్పింది.

మళ్లీ పన్నెండు కాడనుంచి.
ఈసారి దగ్గింది.

మూడోసారికి డెబ్బై నాలుగు.
రాసుకుందామని పెన్ను కోసం లేస్తే
"కుచ్చో, సరిగ్గా చూశావో లేదో" అంటా
అవ్వ
చెయ్యి అట్నే చాపి ఉంచింది.